వల లేని నావ

ఈ మధ్య మా ఆఫీసులో అందరం కలిసి ఎక్కడికైనా వెళ్ళాలని అనుకున్నాం. ఎక్కడికి అన్న దగ్గర పెద్ద గొడవే జరిగింది. చివరికి ఒకమ్మాయి ఫోనులో ఒక బొమ్మ చూపించింది. నీళ్ళ మీద చాపల కప్పు వేసిన పెద్ద పడవ, లోపల మంచాలు, రెండు పక్కలా మడ చెట్లు. "హౌస్ బోట్! పక్షుల్ని కూడా చూపిస్తారట. నువ్వెప్పుడైనా ఎక్కావా?" అని నన్నడిగింది.

"మాకొకటి ఉండేది" అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. శ్రీకాకుళం జిల్లావాళ్ళు కూడా కోతలు కోస్తారని వాళ్ళకి అప్పుడే తెలిసినట్టుంది. నేనూ నవ్వేసి ఊరుకున్నాను. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే మాత్రం ముక్కుకి జీడినూనె వాసన తగిలింది. సిటీ బస్సులో జీడినూనె ఎక్కడుంటుంది? అది ఇన్నేళ్ళుగా నా లోపలే ఉన్న వాసన.

మా ఊరికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉప్పుటేరు. మధ్యలో ఇసుక దిబ్బ మీద మా ఇళ్ళు. ఊరి పేరు చెప్పను. చెప్పినా ఇప్పుడు వెతుక్కుంటూ వెళ్తే మీకు బండరాళ్ళ గుట్టలూ లారీలూ తప్ప ఏమీ కనిపించవు. ఏటికి అవతల మడ అడవి ఉండేది. నీళ్ళలోంచి వేళ్ళు పైకి పొడుచుకొచ్చిన చెట్లు, వాటి కింద నల్లటి బురద, ఆ బురదలో ఒక డెక్క పెద్దదీ ఒకటి చిన్నదీ ఉండే ఎర్ర పీతలు. వానలు తగ్గుముఖం పట్టాక ఎక్కడెక్కడినుంచో గూడబాతులు, ఎర్రమూతి కొంగలు వచ్చి ఆ చెట్ల మీద గూళ్ళు కట్టేవి. ఎండలు ముదిరేసరికి పిల్లలకి ఎగరడం నేర్పి తీసుకుపోయేవి.

మా మగవాళ్ళది దానికి సరిగ్గా తిరగేసిన బతుకు. శ్రావణంలో రైలెక్కి గుజరాత్ పోయేవారు, అక్కడి పెద్ద బోట్ల మీద పనికి. మళ్ళీ ఎండాకాలంలోనే రావడం. అందుకే మా ఊరి పిల్లలకి ఒక లెక్క ఉండేది: నాన్నలు వెళ్తే పిట్టలొస్తాయి, పిట్టలు వెళ్తే నాన్నలొస్తారు. రెండూ ఒకేసారి ఊళ్ళో ఉండడం నేను పుట్టాక ఎప్పుడూ చూడలేదు. మా నాన్న నాకు ఎండాకాలం మనిషి. తాటిముంజలతో పాటు వచ్చి, తొలకరి దాటగానే పోయేవాడు. వచ్చిన కొత్తలో నేనూ తమ్ముడూ ఆయన్ని చూసి సిగ్గుపడి గుమ్మం వెనక నక్కేవాళ్ళం. అలవాటయ్యేసరికి సంచి సర్దుకునేవాడు.

ఒక ఎండాకాలం చివర్లో జిల్లా కేంద్రం నుంచి ఒక సారు జీపులో వచ్చారు. మెడలో దుర్భిణి. మాటతీరు మెత్తన. ఏ ఆఫీసో నాకు తెలీదు. పట్నంలో పిట్టల్ని చూడాలనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారనీ, మంచి పడవ ఉంటే ప్రతి ఆదివారం తీసుకొస్తామనీ, పక్షులున్నన్నాళ్ళూ పని ఉంటుందనీ చెప్పారు. మాకు సముద్రానికి పనికిరాని పాత నావ ఒకటి ఒడ్డుమీద బోర్లించి ఉండేది. దానికి కప్పు వేసి ఇల్లులా చేయగలవా అని నాన్ననడిగారు.

"మొదటి ట్రిప్పు బాగా జరగాలి. అది నచ్చితే ఇక ఏటా నీకే" అన్నారు.

ఆ మాట విన్నది నాన్న ఒక్కడే కాదు, నానమ్మ కూడా. చుట్ట పక్కన పెట్టి లేచి నిలబడింది. "అయితే బాబూ, నా కొడుకు గుజరాత్ ఎల్లక్కర్లేదా?" అనడిగింది.

"ఇది నడిస్తే ఎందుకమ్మా వెళ్ళడం?" అన్నారు సారు.

ఆ శ్రావణంలో ఊళ్ళో మగవాళ్ళంతా రైలెక్కారు. నాన్నా, బాబాయీ మాత్రం ఉండిపోయారు. ఊరంతా మా ఇంటివైపు వింతగా చూసింది. అమ్మ వంట చేస్తూ తనలో తను నవ్వుకునేది. నానమ్మకైతే కాళ్ళు నేలమీద నిలవలేదు. పొద్దున్నే లేచి నాన్న పడుకున్న నులకమంచం దగ్గర నిలబడి చూసి వెళ్ళేది.

"నిద్రపోతున్న మనిషిని ఏటి సూస్తన్నావత్తా?" అని అమ్మ ఆటపట్టించేది.

"నా కొడుకే. ఇష్టమొచ్చినట్టు సూస్తాను. నీకేటి నొప్పి?" అనేది నానమ్మ.

నాన్న అంటే ఎవరో నాకు తెలిసింది ఆ వానాకాలంలోనే. ఆయనకి వంకాయ గిట్టదని, పని చేసేటప్పుడు పళ్ళ సందున ఈల వేస్తాడని, ఉరుములొస్తే నాకంటే ముందు ఆయనే ఉలిక్కిపడతాడని. చోడి అంబలిలో ఉల్లిపాయ నంజుకుంటూ, ఎండు నెత్తళ్ళ చేపలు కాల్చి నా ముంతలో ఒకటి, తమ్ముడి ముంతలో ఒకటి పడేసేవాడు. ఇలాంటివి తెలియడానికి మనిషి రోజూ ఇంట్లో ఉండాలి.

నావకి కొత్త చెక్కలు వేశారు. పలాస వైపు నుంచి డబ్బాల్లో జీడినూనె తెచ్చారు. చెక్క పుచ్చిపోకుండా దాన్ని పట్టిస్తారు. నల్లగా, చిక్కగా, ఘాటుగా ఉంటుంది. ఒంటికి తగిలితే బొబ్బలే. ముట్టుకోవద్దని చెప్తే ముట్టుకోకుండా ఉంటామా? నేను తమ్ముడికి మీసాలు దిద్దాను, వాడు నాకు బొట్టు పెట్టాడు. మర్నాటికి ఇద్దరి మొహాలూ చూడాలి. నానమ్మ కొబ్బరినూనె రాస్తూ తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే బాగుండదు. నాన్న మాత్రం నవ్వీ నవ్వీ కింద కూర్చుండిపోయాడు. "మొగుడూ పెళ్ళాం ముద్దొస్తన్నారే" అని అమ్మని పిలిచి చూపించాడు. ఎర్రగా ఉబ్బిన మీసంతో తమ్ముడు నెలంతా ఊళ్ళో తిరిగాడు.

వెదురు బద్దలు వంచి చాపల కప్పు వేశారు. పెళ్ళిళ్ళకి సామాను అద్దెకిచ్చే సప్లయి కంపెనీ నుంచి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి లోపల పెట్టారు. నావ ముక్కుకి పసుపు రాసి, కోడిని కోసి గంగమ్మకి చూపించారు. సారు మధ్యలో వచ్చి చూసి సంతోషపడ్డారు. ఒక్కటే చెప్పారు: పడవలో వల, గాలం, చేపల బుట్ట లాంటివేవీ ఉండకూడదు. అది పక్షులుండే చోటు. వేట సామాను కనిపిస్తే తనకి మాట వస్తుంది.

గొడవంతా అక్కడ మొదలైంది.

మా వైపు నావలో వల లేకుండా ఎవరూ నీళ్ళమీదకి వెళ్ళరు. వేటకి కాకపోయినా, ఏరు దాటి సంతకి వెళ్ళినా, పాత వల ముక్క ఒకటైనా మూలన పడి ఉండాలి. వల తీసి ఒడ్డున పెట్టి నావ నడిపేది ఒకే ఒక్క సందర్భంలో, శవాన్ని తీసుకెళ్ళేటప్పుడు. మా తాత ఏరు సముద్రంలో కలిసే చోట మునిగిపోతే, ఆయన్ని మా ఈ పాత నావలోనే వల తీసేసి ఇంటికి తెచ్చారట. అప్పటికి నాన్నకి ఆ ఏడు నాకున్నంత వయసే. ఒడ్డున నిలబడి, దూరం నుంచి నావలో వల కనిపించకపోయేసరికే నానమ్మకి సంగతి తెలిసిపోయిందట. ఎవరూ నోరు విప్పి చెప్పక్కర్లేకపోయింది.

"ఒరే, వల ఎట్టుకోరా. సిన్నది. కనిపించకుండా ఎట్టుకో" అని బతిమాలింది నానమ్మ.

"సారు వద్దన్నారమ్మా. మాటిచ్చేను."

"సారుకేటి తెలుసురా మన సంగతి?"

"తెల్దు. కానీ ఆయన మాట ఇనకపోతే మళ్ళీ రైలెక్కాల. నన్ను రైలెక్కమంటావా?"

నానమ్మ వెళ్ళి చాట ముందేసుకుంది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా గింజలు ఏరుతూ కూర్చుంది. మూడోనాడు మామూలుగానే మాట్లాడింది. ఒప్పుకుందనే అనుకున్నాం.

కార్తీకంలో ఒక ఆదివారం పొద్దున్నే పట్నం నుంచి రెండు కుటుంబాలు వచ్చాయి. సారు, వాళ్ళ బంధువులు, ఒక పెద్దావిడ, నా ఈడు పిల్లలు. నానమ్మ రెండ్రోజుల నుంచీ తయారుచేసుకున్న వంట దింపింది. రొయ్యల ఇగురు, పీతల పులుసు, వేయించిన కానాగంత చేపలు. వాసన ఏటి అవతలికి కొట్టింది. పెద్దావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, నొచ్చుకుంటూనే, "కార్తీక మాసం కదమ్మా, మేం తినం" అంది.

నానమ్మ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. "ఓలమ్మో! సముద్రం ఒడ్డుకొచ్చి సేప తినరా? మరేటి తింటారు, ఇసకా?" అంది. అమ్మ ఆమెని పక్కకి లాగి, గబగబా పప్పుచారు పెట్టి వంకాయలు వేయించింది. ఆ రొయ్యలు ఎవరి పాలయ్యాయో చెప్పక్కర్లేదు. పట్నం దేవుడు చల్లగా ఉండాలని తమ్ముడూ నేనూ మనసారా కోరుకున్నాం.

నన్ను కూడా నావెక్కించుకున్నాడు నాన్న. గెడ పట్టుకుని ముందు ఆయన, వెనక బాబాయి. కొత్త చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, పెళ్ళికొడుకులా బిగుసుకుని ఉన్నాడు. ఒడ్డున నానమ్మ చేతులు జోడించి నిలబడింది. మేం మలుపు తిరిగేదాకా ఆమె తెల్లచీర కనిపిస్తూనే ఉంది.

మడ అడవిలోకి వెళ్ళాక ఎండ పచ్చగా మారిపోయింది. బురద వాసన, రెట్ట వాసన, ఉప్పు వాసన. పట్నం పిల్లలు ముక్కులు మూసుకున్నారు గానీ కాసేపటికి మరిచిపోయారు. ఒడ్డున ఒక నక్క నీళ్ళు తాగుతూ తలెత్తి మమ్మల్ని చూసి, తన పని తను చేసుకుంది. నీటికుక్కలు రెండు ఒకదాని వెనక ఒకటి బురదలో జారాయి. ఇంకా లోపలికి వెళ్తే చెట్ల నిండా గూళ్ళే. గూడబాతు పిల్లలు తల్లి గొంతు సంచిలో తలలు దూర్చి తింటుంటే, పెద్దావిడ నా భుజం పట్టుకుని, "ఎంత అదృష్టమే పిల్లా మీది, రోజూ ఇది చూస్తారు" అంది. నాకు బిస్కెట్ పొట్లం ఇచ్చింది. సారు నాన్న భుజం తట్టి, "బ్రహ్మాండంగా ఉంది. వచ్చే ఆదివారం ఇంకో జట్టు ఉంది" అన్నారు. నాన్న వెనక్కి తిరిగి నావైపు చూసి కన్ను కొట్టాడు. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. ఇక ఎక్కడికీ వెళ్ళను అని.

సరిగ్గా అప్పుడు పోటు మొదలై సముద్రం నీళ్ళు ఏట్లోకి తోసుకొచ్చాయి. మా నావ ముందు నీళ్ళు ఒక్కసారిగా ఉడికినట్టయ్యాయి. చేపల గుంపు. మా ఏట్లో అంత గుంపు ఏ ఏడాదికో కనిపిస్తుంది. వందలు వందలుగా, వెండిలా గాల్లోకి ఎగిరి పడుతున్నాయి.

"అన్నయ్యా! లేసినాదిరో!" అని బాబాయి పెట్టిన కేక అడవంతా మోగింది. చేతిలో గెడతో నావ అంచుమీద దబదబ బాదాడు. చేపలు చెదిరిపోకుండా మావాళ్ళు అలాగే బాదుతారు. నాన్న వంగాడు. కాళ్ళ కింది చెక్క ఎత్తాడు. మరుక్షణం ఆయన చేతిలో విసురు వల ఉంది. అది నావలోకి ఎలా వచ్చిందో నాకు తెలీదు. తాడు మణికట్టుకి, అంచు పళ్ళకి, ఒళ్ళంతా విల్లులా తిరిగి వల గాల్లో గుండ్రంగా విచ్చుకుంది. నా జీవితంలో అంత అందంగా ఎవరూ ఏదీ విసరగా చూడలేదు.

అదే క్షణంలో అడవిలో ఉన్న పక్షులన్నీ లేచిపోయాయి. ఆకాశం నల్లబడింది. గూళ్ళలో పిల్లలు అరుస్తున్నాయి. రెండో మూడో గూళ్ళు జారి బురదలో పడ్డాయి. వాటికోసమే కాచుకున్నట్టు కాకులు దిగాయి. నాన్న వల లాగి, అలవాటు కొద్దీ నావలోకే దులిపాడు. ఎర్ర కుర్చీల మధ్య, పట్టుచీరల మీద, కార్తీక మాసం చేస్తున్న ఆ పెద్దావిడ ఒళ్ళో చేపలు గిలగిలా కొట్టుకున్నాయి. "శివ శివా!" అని ఆవిడ కళ్ళు మూసుకుంది.

నాన్న మొహం మీద చేపలు పడ్డ సంతోషం ఇంకా పోలేదు. నవ్వుతూనే తలెత్తి సారుని చూశాడు. అప్పుడు పోయింది.

నావ వెనక్కి తిప్పారు. ఒడ్డు దిగాక కూడా సారు కోప్పడలేదు. "కబురు చేస్తాలే" అన్నారు. జీపెక్కాక బురదలో పడ్డ పక్షి పిల్లల గురించి పెద్దావిడ అడగడం నాకు వినిపించింది. నానమ్మ మా దగ్గరికి వచ్చింది. నావలోకి తొంగిచూసి, "వల తడిసినాదేటి?" అంది. బాబాయి తల తిప్పుకున్నాడు. నాన్న చొక్కా గుండీలు విప్పుకుంటూ ఇంట్లోకి వెళ్ళిపోయాడు. నానమ్మ ఆ వలని చేత్తో తడిమి, అక్కడే ఇసకలో కూలబడింది. ఎవరూ చెప్పకుండానే ఆమెకి మళ్ళీ అంతా తెలిసిపోయింది.

కబురు రాలేదు. నాన్న ఒకసారి పట్నం వెళ్ళి సారుని కలిసొచ్చాడు. ఏమన్నారో చెప్పలేదు. పుష్యమాసంలో, మధ్యలో మనుషులు తక్కువై పిలిచిన ఒక బోటుకి నాన్నా బాబాయీ బయల్దేరారు. నానమ్మ బయటికి రాలేదు. నాన్నే లోపలికి వెళ్ళి ఆమె పాదాలు తాకి, "జాగ్రత్తమ్మా, మందులేసుకో" అన్నాడు. ఆమె తల ఊపింది. అంతే. నేను బస్సు వెనక పరిగెత్తుతూ ఏడ్చాను. అంతకుముందు నాన్న వెళ్తుంటే ఎప్పుడూ ఏడవలేదు. అంతకుముందు నాకు నాన్న తెలిస్తే కదా.

ఆ రోజే అమ్మ మమ్మల్నిద్దర్నీ పెరట్లోకి పిలిచి గట్టిగా చెప్పింది. "మీ నానమ్మ ముందర ఆ నావ ఊసు ఎత్తేరంటే సంపేత్తాను. ముసల్దాని మనసు ఇప్పటికే ఇరిగిపోనాది. ఇంకేటీ అనకండి." నాన్న కూడా ఫోనులో అమ్మకి అదే చెప్పాడట. మేం ఎంత శ్రద్ధగా పాటించామంటే, ఆమె వింటుండగా వల అన్న మాట కూడా అనేవాళ్ళం కాదు. నావ కప్పు ఊడదీసి మేకల పాకకి వేశారు. అది ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ మాట్లాడలేదు. నాన్న వారం వారం ఫోన్ చేసి, "అమ్మా, తిన్నావా? మోకాళ్ళు ఎలగున్నాయి?" అనడిగేవాడు. "బాగానే ఉన్నాయి" అని ఆమె ఫోన్ అమ్మకి ఇచ్చేసేది. నాన్న ఎండాకాలం మనిషి అయిపోయాడు మళ్ళీ. వచ్చినప్పుడు ఆమెకి స్వెట్టర్లు, ఖర్జూరాలు తెచ్చేవాడు. ఆమె వాటిని పెట్టెలో దాచేది. ఇద్దరూ అరుగుమీద పక్కపక్కనే కూర్చుని సముద్రం వైపు చూసేవారు. ఎంత ప్రేమగా ఉన్నారో అనుకునేదాన్ని.

అలా కొన్నేళ్ళు గడిచాయి. నేను కాలేజీలో చేరిన రోజుల్లో పెద్ద తుఫాను వచ్చింది. రాత్రంతా షెల్టర్లో ఒకరి మీద ఒకరం పడి ఉన్నాం. తెల్లారి చూస్తే ఏటి అవతల మడ అడవి దువ్వెన పళ్ళు విరిగినట్టు ఉంది. నీళ్ళమీద కొంగలు తేలుతున్నాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, దారికి అడ్డంగా చెట్లు. తడిసి వణికిన నానమ్మకి జ్వరం పట్టుకుంది. కబురు పంపే దారి లేదు, డాక్టరు వచ్చే దారి లేదు.

జ్వరంలో నా చెయ్యి పట్టుకుని అడిగింది. "ఒసే గుంటా, మీ నాన్నకి నా మీద కోపం పోనాదేటే?"

"నాన్నకి నీ మీద కోపమేటి నానమ్మా?"

"నీకు తెల్దులే. ఆడు నాతో ఆ మాట ఎత్తనే లేదు. ఒక్కసారైనా తిట్టలేదు. తిడితే పోయీది కదే. మనసులో ఎట్టుకున్నాడు." నా చెయ్యి వదలకుండానే, "ఆ వల ఎట్టి ఆడిని రైలెక్కించింది నానే" అంది.

ఎంత చెప్పినా నమ్మలేదు. చిన్నపిల్లవి, నీకేం తెలుసన్నట్టు నా చెయ్యి నిమిరింది. మర్నాడు సాయంత్రం పోయింది. పెద్దకొడుకు లేకుండానే దహనం చేశారు.

సంగతి తెలిసి నాన్న వచ్చేసరికి అంతా అయిపోయింది. రైలు దిగి, దారి లేని చోట నడిచి, కూలిన మా ఇంటి ముందు నిలబడ్డాడు. ఏడవలేదు. కాళ్ళు కడుక్కుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఆకర్న ఏటన్నాదే మీ నానమ్మ?" అనడిగాడు.

దాచాలనిపించలేదు. ఆమె అన్న మాటలన్నీ చెప్పాను.

నాన్న నావైపు తిరిగాడు. "నావెక్కినప్పుడే సూసేనే ఆ వల. సెక్క కిందన మడతెట్టి ఉన్నాది. అమ్మే ఎట్టిందని తెల్సు. తీసి ఒడ్డుమీద పడీవాల్సింది. పోన్లే, ఆవిడికి నిమ్మళంగా ఉంటాదని ఒగ్గీసేను. ఇసిరింది నాను. అమ్మమీద నాకు కోపమేటి?"

"మరి ఆ ముక్క అత్తతో ఎప్పుడైనా అన్నావా మావా?" అంది అమ్మ, గుమ్మం దగ్గర నుంచి.

నాన్న తల అడ్డంగా ఊపాడు. "ఆ ఊసెత్తితే బాధపడతాది కదా అని..." అన్నాడు. తర్వాత, "అమ్మకి తెలుసనుకున్నానే" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. అంత పెద్ద మనిషి అలా ఏడవడం నేను చూడలేదు. ఓదార్చడం మాకెవరికీ చేతకాలేదు.

ఆ తర్వాత నాన్న గుజరాత్ వెళ్ళలేదు. పోర్టు కోసం ఊరు ఖాళీ చేయించాక మాకిచ్చిన రెండు గదుల ఇంట్లో అన్ని కాలాలూ ఇప్పుడు మాతోనే ఉంటున్నాడు. నానమ్మ కోరుకున్నది అదొక్కటే.